సున్నా ఎక్కడుండాలి? భూమి కుంగుదల మ్యాప్‌కు జీఎంటీలో రంగుల ప్యాలెట్ కట్టిన ఒక కేసు

నేపథ్యం

ఒక పరిశోధక బృందం ఉపగ్రహ రాడార్ చిత్రాలతో, అంటే ఇన్‌సార్ పద్ధతిలో, ఒక ప్రాంతంలో నేల ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతోందో, ఎక్కడైనా పైకి లేస్తోందో లెక్కగట్టింది. ఫలితం ఒక గ్రిడ్ ఫైలు, అంటే ప్రాంతాన్ని చిన్న గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో విలువ రాసిన ఫైలు. కుంగుదల రుణ సంఖ్య, ఉబ్బు ధన సంఖ్య. మ్యాపులన్నీ జెనరిక్ మ్యాపింగ్ టూల్స్‌తో, అంటే జీఎంటీ 6తో, షెల్ స్క్రిప్టులో, అంటే కమాండ్లను వరుసగా రాసిన ఫైలుతో, గీస్తున్నారు. పాల్ వెసెల్, వాల్టర్ స్మిత్ 1987-88లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌లో బటన్లు, మెనూలు ఉండవు. రంగుల విషయంలో అది పెద్ద మేలు. ప్యాలెట్, అంటే ఏ విలువకు ఏ రంగో చెప్పే పట్టిక, ఎలా పుట్టిందో ప్రతి అడుగూ స్క్రిప్టులో రాతపూర్వకంగా మిగులుతుంది.

బృందం ఎవరో తెలియకుండా ప్రాంతం పేరు వదిలేశాను, అంకెలు కొంచెం మార్చాను. వాటి మధ్య నిష్పత్తులు మాత్రం అసలు కేసులో ఉన్నట్టే ఉన్నాయి. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నా టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. 'గ్రిడ్' అని మొదలయ్యే కమాండ్ పేర్లను అక్కడ ఐ లేకుండా 'జీఆర్‌డీ' అని కొట్టాలి. ఇక్కడి కమాండ్లలో ఆప్షన్ అక్షరం పెద్దక్షరం, దాని వెంటా ప్లస్ గుర్తు తర్వాతా వచ్చేవి చిన్నక్షరాలు.

వచ్చిన సమస్య

మ్యాప్‌లో కుంగుతున్న గుంత చుట్టూ రెండు వలయాలు కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. అక్కడ బంకమట్టి పొర మందం ఒక్కసారిగా మారుతోందేమోనని బృందంలో చర్చ నడిచింది, వ్యాసం చిత్తుప్రతిలో ఒక పేరా కూడా చేరింది. సమీక్షకుడు రెండు ప్రశ్నలు వేశాడు: ఈ వలయాలు డేటాలో ఉన్నాయా, రంగుల్లో ఉన్నాయా? స్థిరంగా ఉన్న నేల ఏ రంగులో ఉంది?

రెండో ప్రశ్నకు జవాబు చూస్తేనే సగం విషయం తేలిపోయింది. వాళ్లు వాడింది జెట్ ప్యాలెట్, పరిధి -64 నుంచి 16. ఈ ప్యాలెట్‌లో ముదురు నీలం నుంచి మొదలై ఎనిమిదో వంతు దగ్గర శుద్ధ నీలం, మూడు ఎనిమిదో వంతుల దగ్గర సయాన్ (ఆకుపచ్చ కలిసిన లేత నీలం), ఐదు దగ్గర పసుపు, ఏడు దగ్గర ఎరుపు, చివర ముదురు ఎరుపు వస్తాయి. పరిధి మొత్తం 80 కాబట్టి ఒక్కో ఎనిమిదో వంతు 10 మిల్లీమీటర్లు. అంటే నీలం -54 దగ్గర, సయాన్ -34 దగ్గర, పసుపు -14 దగ్గర, ఎరుపు +6 దగ్గర పడతాయి. సున్నా పసుపుకీ ఎరుపుకీ మధ్య పడి 255/76/0 అవుతుంది (వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు, ఒక్కోటీ 0 నుంచి 255 వరకు). అది గట్టి నారింజ రంగు. కదలకుండా ఉన్న నేల మంటల్లో ఉన్నట్టు, అన్నిటికంటే ఎక్కువ కుంగుతున్న చోటు ప్రశాంతమైన నీలంలో ఉన్నట్టు మ్యాప్ చెబుతోంది.

వలయాల సంగతి వెలుగు స్థాయిలో ఉంది. కంటికి రంగు ఎంత వెలుగుగా కనబడుతుందో 0 (నలుపు) నుంచి 100 (తెలుపు) వరకు చెప్పే 1976 నాటి సీఐఈ ల్యాబ్ కొలతలో శుద్ధ నీలం వెలుగు 32, సయాన్ 91, పసుపు 97, ఎరుపు 53. అంటే -54 నుంచి -34 వరకు వెలుగు నిట్టనిలువుగా ఎక్కుతుంది, -34 నుంచి -14 వరకు దాదాపు చదునుగా ఉంటుంది, అక్కడి నుంచి +6 వరకు ఒక్కసారిగా పడిపోతుంది. వాలు విరిగిన ఆ రెండు చోట్లా కన్ను అంచును చూస్తుంది. డేటా నున్నగా ఉన్నా సరే, -34, -14 దగ్గర గీత గీసినట్టే ఉంటుంది. ఆ రెండింటి మధ్య 20 మిల్లీమీటర్ల తేడా మాత్రం ఒకే ఆకుపచ్చ ముద్దలో కలిసిపోతుంది.

కృత్రిమ గుంతతో పరీక్ష

వివరణ ఎంత బాగున్నా బృందానికి కళ్లతో చూపించాలి. అందుకు ఎలాంటి మెట్లూ లేని నున్నని గుంతను, గ్రిడ్‌ల మీద లెక్కలు చేసే జీఎంటీ కమాండ్ గ్రిడ్‌మ్యాథ్‌తో తయారుచేశాం:

జీఎంటీ గ్రిడ్‌మ్యాథ్ -ఆర్-5/5/-5/5 -ఐ0.05 ఎక్స్ ఎస్‌క్యూఆర్ వై ఎస్‌క్యూఆర్ యాడ్ 4 డివ్ నెగ్ ఎక్స్‌ప్ -80 మల్ 16 యాడ్ = గుంత.ఎన్‌సీ

మధ్యలో -64, అంచుల్లో 16. గాసియన్ ఆకారం, అంటే తలకిందులు చేసిన గంటలాంటిది, ఎక్కడా విరుపు లేదు. దీన్ని వాళ్ల జెట్ ప్యాలెట్‌తోనే గీస్తే అవే రెండు వలయాలు అచ్చంగా వచ్చాయి. బంకమట్టి పేరాను ఆ రోజే తీసేశారు. ప్యాలెట్ మీద అనుమానం వచ్చినప్పుడు అసలు డేటాతో వాదనకు దిగకుండా ముందు ఈ పని చేయాలని నా అభిప్రాయం. జవాబు ముందే తెలిసిన గ్రిడ్ మీద ప్యాలెట్ ఏం చేస్తుందో చూడాలి.

గ్రిడ్‌ను రంగుల్లో గీసే కమాండ్ గ్రిడ్‌ఇమేజ్‌కు -ఎం ఆప్షన్ ఇస్తే టీవీ ప్రసారాల్లో వాడిన వైఐక్యూ సూత్రంతో బూడిద రంగుల్లో (0 నలుపు, 255 తెలుపు) గీస్తుంది. అదీ చూశాం. సయాన్ 179 బూడిద అయింది. పసుపు నుంచి ఎరుపుకు దిగే దారిలో -8 దగ్గర కూడా అదే 179 వస్తుంది. నలుపు తెలుపు ముద్రణలో ఏడాదికి 34 మిల్లీమీటర్లు కుంగే చోటూ, 8 మిల్లీమీటర్లు కుంగే చోటూ ఒకేలా ఉంటాయన్నమాట.

రంగుకంటే ముందు పరిధి

కొత్త ప్యాలెట్ ఏది అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ముందు పరిధి తేల్చాం. గ్రిడ్ వివరాలు చెప్పే కమాండ్ గ్రిడ్‌ఇన్ఫో చూపిన అసలు కనిష్ఠం -143, గరిష్ఠం 38. బృందం చేత్తో పెట్టుకున్న -64/16 ఎక్కడి నుంచి వచ్చిందో స్క్రిప్టులో రాసిలేదు.

జీఎంటీ 6లో దీనికి సులువైన దారి ఒకటి ఉంది. గ్రిడ్‌ఇన్ఫోకు -టీ5+ఏ+ఎస్ అని ఇస్తే విలువల పంపిణీలో రెండు తోకలూ, అంటే మరీ చిన్న, మరీ పెద్ద విలువలను, కత్తిరించి, సున్నాకు ఇరువైపులా సమానంగా, 5 గుణిజాలకు సవరించి, ప్యాలెట్ తయారుచేసే కమాండ్ మేక్‌సీపీటీకి నేరుగా అందించగలిగే రూపంలో పరిధిని ముద్రిస్తుంది. శాతం చెప్పకపోతే 2 తీసుకుంటుంది. ఇక్కడ అలా చేస్తే పరిధి 40 దగ్గరే ఆగిపోయింది. కారణం ఏమిటంటే శాతం విస్తీర్ణాన్ని చూస్తుంది, ప్రాముఖ్యాన్ని చూడదు. గుంత నడిబొడ్డు మొత్తం గ్రిడ్‌లో ఒక శాతం కూడా లేదు. అధ్యయనం మొత్తం దేని గురించో ఆ చోటే తోకలో కలిసి కత్తెరకు బలైంది, -40 నుంచి -64 వరకు ఒకే చదును రంగు అయిపోయింది.

అందుకని తోకలో ఉన్న పిక్సెళ్లు ఎక్కడున్నాయో మ్యాప్ మీద పెట్టి చూశాం. -40 నుంచి -64 మధ్యవి ఒకేచోట ముద్దగా ఉన్నాయి, పక్క పిక్సెళ్లతో క్రమంగా కలుస్తున్నాయి. అవి నిజం. -70 కంటే కిందవీ, 20 కంటే పైవీ ఒంటరి చుక్కలు, రాడార్ సంకేతం బలహీనంగా ఉన్న అంచుల్లో ఉన్నాయి. అవి ఫేజ్ అన్‌ర్యాపింగ్‌లో, అంటే రాడార్ తరంగ దశలను వరుస కదలికగా మార్చే లెక్కలో, దొర్లిన దోషాలు. దోషానికి రంగు వేయడంకన్నా ఖాళీ చేయడం మేలు కాబట్టి హద్దు దాటిన విలువలను మార్చే గ్రిడ్‌క్లిప్‌లో -ఎస్‌బీ-70/నాన్, -ఎస్‌ఏ20/నాన్ పెట్టాం. నాన్ అంటే విలువ లేని ఖాళీ గడి. అప్పుడు మిగిలిన పరిధి -64 నుంచి 16. బృందం చేత్తో పెట్టుకున్న సంఖ్యలు సరైనవేనని తేలింది, ఇప్పుడు వాటికి స్క్రిప్టులో కారణం కూడా ఉంది.

కుదరని ప్రయత్నాలు

మొదటి ఆలోచన బాట్‌లో ప్యాలెట్. ఫాబియో క్రమేరి రూపొందించిన శాస్త్రీయ ప్యాలెట్లలో ఇదొకటి, జీఎంటీలోనే ఉంటుంది. ఒక కొస నుంచి రెండో కొస వరకు వెలుగు ఒకే తీరుగా పెరుగుతుంది. వలయాలు వెంటనే మాయమయ్యాయి. కానీ ఈ మ్యాప్‌లో పాఠకుడు అడిగే మొదటి ప్రశ్న 'ఎంత' కాదు, 'కుంగుతోందా, లేస్తోందా' అనేది. ఒకవైపే సాగే ప్యాలెట్‌లో సున్నాకు ప్రత్యేక స్థానం ఉండదు. ఉబ్బుతున్న ప్రాంతం స్థిరమైన నేలలో కలిసిపోయింది. ఎత్తు, వర్షపాతం లాంటి వాటికి బాట్‌లో చక్కగా సరిపోతుంది, గుర్తు మారే డేటాకు సరిపోదు.

రెండోది అదే కుటుంబంలోని విక్. ఒక కొస ముదురు నీలం 0/18/97, రెండో కొస ముదురు ఎరుపు 89/0/8, నడుమ తెలుపుకు దగ్గరి లేత రంగు. కుంగుదల ఎరుపులో ఉండాలని బృందం కోరింది కాబట్టి -ఐతో తిప్పాం. -టీ-64/16 అని మాత్రమే ఇస్తే నడిమి తెలుపు -24 దగ్గర పడింది, ఎందుకంటే విక్‌లో ఉన్నది సాఫ్ట్ హింజ్. హింజ్ అంటే ప్యాలెట్ రెండు సగాలూ కలిసే మడత. మనం అడిగితే తప్ప అది సున్నాకు అంటుకోదు. -సీవిక్+హెచ్0 అని ఇస్తే తెలుపు సున్నాకు వచ్చింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. చూడ్డానికి మ్యాప్ బాగుంటుంది, సున్నా తెల్లగా ఉంటుంది, సమీక్షకుడు కూడా ఒప్పుకోవచ్చు. కానీ హింజ్ పెట్టినప్పుడు రెండు వైపులూ విడివిడిగా సాగుతాయి. ఎరుపు వైపు 64 మిల్లీమీటర్లలో పూర్తి ముదురుకు చేరితే, నీలం వైపు 16 మిల్లీమీటర్లలోనే చేరుతుంది. +16 ఉబ్బు -64 కుంగుదలంత గాఢంగా కనబడుతుంది. నీలం వైపు రంగు నాలుగు రెట్లు వేగంగా మారుతోందని రంగుల బార్ చూసి లెక్కగట్టే పాఠకుడు ఉండడు. వలయాల అబద్ధం పోయి దాని స్థానంలో మరో అబద్ధం వచ్చింది. సముద్రపు లోతునూ నేల ఎత్తునూ కలిపి చూపే జియో లాంటి ప్యాలెట్లలో హింజ్ సబబే, అక్కడ రెండు వైపులవీ వేర్వేరు విషయాలు. కుంగుదల, ఉబ్బు మాత్రం ఒకే కొలతకు రెండు గుర్తులు.

మూడోది గ్రిడ్2సీపీటీ. ఇది విలువల పంపిణీని చూసి, ఎక్కువ పిక్సెళ్లున్న చోట ఎక్కువ రంగులు పంచగలదు. ఈ గ్రిడ్‌లో ఎక్కువ పిక్సెళ్లు సున్నా చుట్టుపక్కలే ఉన్నాయి. బృందం లెక్క ప్రకారం కొలత దోషం సుమారు ±2 మిల్లీమీటర్లు. ఫలితంగా రంగుల్లో ఎక్కువ భాగం దోషాన్ని అలంకరించడానికే ఖర్చయిపోయింది, గుంతకు రెండు మూడు రంగులు మిగిలాయి. డేటాను తొలిసారి తెరిచి ఏముందో వెతకడానికి ఈ పద్ధతి మంచిదే. ప్రచురించే మ్యాప్‌కు వద్దన్నాను.

కుదిరింది

నిర్ణయం ఒక్క వాక్యంలో: ఒకే గాఢత ఉన్న రెండు రంగులు, గుర్తు ఏదైనా, ఒకే పరిమాణాన్ని చెప్పాలి. అందుకు పరిధి సున్నాకు ఇరువైపులా సమానంగా ఉండి తీరాలి, డేటా అలా లేకపోయినా సరే.

తర్వాత మెట్ల వెడల్పు, అంటే ఒక్కో రంగు ఎన్ని మిల్లీమీటర్లకు వర్తించాలన్నది. రంగు ఎడతెగకుండా సాగితే అందంగా ఉంటుంది గానీ బార్ చూసి విలువ చదవడం కష్టం. 10 మిల్లీమీటర్ల మెట్లయితే 16 వరకే ఉన్న ఉబ్బుకు తగినన్ని మెట్లు మిగలవు. 5 అనుకున్నాం. -65/65/5 అని ఇస్తే 26 మెట్లు వస్తాయి, సున్నా రెండు మెట్ల సరిహద్దు మీద పడుతుంది. కొలత దోషం వల్ల +1, -1 మధ్య ఊగే స్థిరమైన నేలంతా లేత నీలం, లేత ఎరుపు చుక్కలతో నిండిపోతుంది. ఏ అర్థమూ లేని చోట నమూనా కనబడుతుంది. అందుకే మెట్ల సంఖ్య బేసి కావాలి:

జీఎంటీ మేక్‌సీపీటీ -సీవిక్ -ఐ -టీ-67.5/67.5/5 -డీ -హెచ్ > వేగం.సీపీటీ

27 మెట్లు. నడిమి మెట్టు -2.5 నుంచి 2.5 వరకు ఉంటుంది, ±2 దోషం పూర్తిగా అందులో ఇమిడిపోతుంది. 'కదలిక ఉందని చెప్పలేం' అన్నదానికి ఒకే లేత రంగు దొరికింది. -64 కూడా చివరి మెట్టు లోపలే ఉంది. పరిధి సమానం కాబట్టి +హెచ్0 అవసరమే లేదు, నడిమి రంగు దానంతటదే సున్నా మెట్టుకు వస్తుంది. -డీ ఇవ్వడం వల్ల పరిధి దాటిన విలువలు చివరి మెట్టు రంగే తీసుకుంటాయి.

+67.5 వరకు నీలం బార్ గీస్తే అంత ఉబ్బు ఎక్కడుందని పాఠకుడు వెతుక్కుంటాడు. కలర్‌బార్ కమాండ్‌కు -జీ-67.5/17.5 ఇచ్చి డేటా ఉన్న 17 మెట్లనే చూపించాం. కత్తిరింపు బార్‌కే, ప్యాలెట్‌కు కాదు. అంకెల కోసం -బీఎక్స్20 పెట్టాలి. లేకపోతే ప్రతి మెట్టు అంచునా -67.5, -62.5 అని రాసుకుంటూ పోతుంది. 20 పెడితే 0 అంకె తెల్లని గడి నడిమధ్యన నిలుస్తుంది.

దీనికి చెల్లించిన మూల్యం ఒకటుంది. ఉబ్బు మూడు లేత నీలాల్లోనే ఉంది. 'సరిగ్గా కనబడటం లేదు, ముదురు చేయండి' అని బృందంలో ఒకరు గట్టిగా అడిగారు. ముదురు చేస్తే మళ్లీ హింజ్ అబద్ధమే. ఎంత అన్నది రంగు చెప్పాలి, ఉంది అన్నది గీత చెప్పాలి. ఒకే విలువ ఉన్న చోట్లను గీతతో కలిపే గ్రిడ్‌కాంటూర్‌తో -సీ5 -ఎల్4/17 ఇచ్చి 5, 10, 15 గీతలను నల్లగా, తెగకుండా గీశాం. కుంగుదలకు 20 చొప్పున సన్నని చుక్కల గీతలు. నలుపు తెలుపు ముద్రణలో ఇరువైపుల ప్యాలెట్‌కు తప్పని చిక్కు, అంటే -15కీ +15కీ దాదాపు ఒకే బూడిద రావడం, ఈ గీతలతో చాలావరకు తీరింది. యూరప్ మూలాల మగవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. విక్‌లో విభజన నీలానికీ ఎరుపుకూ మధ్య కాబట్టి వాళ్లకూ ఇబ్బంది తక్కువ.

నేల నీడ తెచ్చిన చిక్కు

పాత మ్యాప్‌లో గ్రిడ్‌ఇమేజ్‌కు -ఐ ఇచ్చి ఎత్తుపల్లాల నీడ రంగుల మీదే వేశారు. నీడ రంగు వెలుగునూ సాంద్రతనూ మార్చేస్తుంది. -10 మెట్టు రంగు నీడవైపు వాలులో -25లా కనబడింది. మెట్లను ఇంత జాగ్రత్తగా కట్టాక దాన్ని ఉంచడంలో అర్థం లేదు. పారదర్శకత పెట్టి కింద నుంచి చూపిద్దామన్నా బూడిద కలిసి అదే జరుగుతుంది.

డేటా లేని చోటే నీడ చూపిస్తే చాలనుకున్నాం. ముందు నీడ పొర, దాని మీద వేగం పొర -క్యూతో గీస్తే ఖాళీ పిక్సెళ్ల గుండా కింది పొర కనబడుతుంది. నీడ మామూలుగా నలుపు నుంచి తెలుపు దాకా వెళ్తుంది, ఆ తెలుపు మన సున్నా రంగుతో కలిసిపోతుంది. కాబట్టి దాన్ని 150 నుంచి 190 వరకు ఉన్న బూడిదలోకి కుదించాం.

ఈ దశలో స్క్రిప్టు రంగుల బార్‌ను బూడిదలో గీసింది. జీఎంటీ 6 ఆధునిక పద్ధతిలో -హెచ్ లేకుండా మేక్‌సీపీటీ నడిపితే ఆ ప్యాలెట్ ఫైలుగా బయటికి రాదు, 'ప్రస్తుత ప్యాలెట్'గా లోపల ఉంటుంది. తర్వాతి కమాండ్లు, ప్యాలెట్ పేరు చెప్పే -సీ లేకపోతే, దాన్నే తీసుకుంటాయి. నీడ కోసం నడిపిన మేక్‌సీపీటీ ప్రస్తుత ప్యాలెట్‌ను మార్చేసింది, బార్ గీసే లైనులో -సీ లేదు. ఒకే మ్యాప్‌లో రెండు ప్యాలెట్లుంటే రెండింటినీ -హెచ్‌తో ఫైళ్లలోకి రాసి, గీసే ప్రతి కమాండ్‌కూ పేరు పెట్టి ఇవ్వాలి.

ఈ కేసు నేర్పింది

వేగం.సీపీటీ మామూలు పాఠ్య ఫైలు. ఒక్కో లైనులో మెట్టు కింది విలువ, రంగు, పై విలువ, రంగు. చివర బీ, ఎఫ్, ఎన్ లైన్లు: పరిధికి కింద, పరిధికి పైన, ఖాళీ. ప్రచురణకు ముందు ఈ ఫైలును తెరిచి చదవడం అలవాటు చేసుకోవాలి. ఇక్కడ చూసినవి మూడు: -2.5 నుంచి 2.5 లైనులో అన్నిటికంటే లేత రంగు ఉందా, బీ లైను రంగు మొదటి మెట్టుతో సరిపోతోందా, ఎన్ లైను ఏ మెట్టు రంగుతోనూ కలవడం లేదా. జీఎంటీ మామూలుగా ఖాళీకి ఇచ్చే 127.5 బూడిద విక్‌లోని ఏ మెట్టుతోనూ కలవదు.

ఈ ఫైలును గ్రిడ్‌తోపాటే భద్రపరచమన్నాను. బృందం దగ్గర అంతకుముందు కాలానికి మరో గ్రిడ్ ఉంది. పాత స్క్రిప్టులో ఒక్కో మ్యాప్‌కు దాని కనిష్ఠ గరిష్ఠాలతో ప్యాలెట్ తయారయ్యేది. రెండు మ్యాపులు పక్కపక్కన పెడితే ఒకే రంగు రెండు వేర్వేరు వేగాలను చూపేది, గుంత ముదురుతోందా లేదా అన్నది కళ్లతో తేల్చే వీలే లేదు. ఇప్పుడు రెండూ వేగం.సీపీటీతోనే గీస్తున్నారు.

ముందుముందు ఏదో ఒక గ్రిడ్‌లో -67.5 కంటే కిందికి వెళ్లవచ్చు. అలా వెళ్లినవి కొద్ది పిక్సెళ్లయితే ప్యాలెట్‌ను తాకక్కర్లేదు. కలర్‌బార్ -డీ ఆప్షన్‌లో +ఈబీ చేర్చి ఎడమ కొసన త్రిభుజం పెట్టి, కనిష్ఠ విలువను మ్యాప్ మీద అంకెల్లో రాస్తే సరిపోతుంది. గుంత మధ్య భాగం మొత్తం దాటిపోతే మాత్రం పరిధిని ఇరువైపులా ఒక్కో మెట్టు పెంచి -72.5/72.5/5 చేయాలి. 29 మెట్లు, బేసి సంఖ్యే, సున్నా మెట్టు చెదరదు. కానీ మిగతా మెట్లన్నిటి రంగులూ కొద్దికొద్దిగా జరుగుతాయి కాబట్టి పాత కాలాల మ్యాపులన్నీ కొత్త ఫైలుతో మళ్లీ గీయాలి.